రంజాను సెలవుల్లో మంచుదారి

కొండల మీదికి జనాన్ని నడిపించుకుపోయే పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఏ బూట్లు మంచివి, ఏ కనుమ ఏ నెలలో తెరుచుకుంటుంది, గుంపులో ఎంతమంది ఉంటే మేలు అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. మీ మూలంగా ఎవరికైనా చెడు జరిగిందా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణేమో. అందుకని అడగకుండానే రాస్తున్నాను.

యాభై రెండేళ్ళకే ఈ పని మానుకున్నాను. మానే నాటికి నాకు జాగ్రత్తపరుడినన్న పేరుంది. ఆ పేరు హీరాసింగ్ అనే గైడు పేరు చెడగొట్టి సంపాదించుకున్నది. ఎనభై ఏడులో మా గుంపులో ఒకతనికి కుడి కాలి వేళ్ళు మూడు పోయాయి. తప్పు హీరాసింగ్‌దని కాగితం మీద రాసి సంతకం పెట్టింది నేను. తరవాత ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, మా మేనేజరు రాయించాడని చెప్పుకొచ్చాను. అదీ నిజం కాదు.

మంచు చూడనివాళ్ళు మంచు అమ్మడం

మాది కాకినాడ దగ్గర. సముద్రం ఒడ్డున పెరిగినవాణ్ణి. ఎనభై ఒకటిలో బహ్రెయిన్ వెళ్ళి మనామాలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్ల గుమాస్తాగా చేరాను. అక్కడే గుదైబియా పేటలో ఐదుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. శుక్రవారం పొద్దున తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బట్టలు ఉతుక్కోవడం.

మా మేనేజరు డిసౌజా గోవా మనిషి, బొంబాయిలో పెరిగినవాడు. తెలివైనవాడు, చెడ్డవాడు కాదు. ఈ ఎండలో మాడేవాడికి అమ్మాల్సింది మంచేనని ఆయనకు తట్టింది. రంజాను పండుగ సెలవులకు మరికొన్ని రోజుల సెలవు కలుపుకుంటే పది, పన్నెండు రోజులు వస్తాయి. ఢిల్లీకి విమానం, అక్కణ్ణించి కులూ లోయకు బస్సు, తరవాత అయిదు రోజుల నడక. ఒక కనుమ ఎక్కి అవతలి లోయలోకి దిగితే అక్కడ బస్సు సిద్ధంగా ఉంటుంది. ఇంజనీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు ఎగబడ్డారు.

మొదటి ఏడాది, అంటే ఎనభై మూడులో, వెంట వెళ్ళి అన్నీ చూసి రమ్మని నన్ను పంపారు. నాకు హిందీ వచ్చు, పెళ్ళి కాలేదు. అవే అర్హతలు. ఆ ఏడు పండుగ జూలై నడుమ వచ్చింది. దారంతా పచ్చిక. వాగు మోకాలి లోతు. కనుమ మీద మాత్రం అక్కడక్కడ చాకలి ఆరేసిన దుప్పట్లలా మంచు. నేను కాన్వాసు బూట్లతోనే దాటేశాను.

అక్కడి ఏజెంటు మాకు ఇచ్చిన గైడు హీరాసింగ్. నలభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు గొర్రెలు కాసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మంచు మీద కాలు పెట్టే ముందు కర్రతో పొడిచి, తల వంచి వినేవాడు. ఏం వింటున్నావని అడిగితే, కింద నీళ్ళు పారుతుంటే తెలుస్తుందని చెప్పాడు.

పండుగ కాగితం

తిరిగి వచ్చాక నేనొక కాగితం టైపు చేశాను. దాన్ని సైక్లోస్టైల్ చేసి ప్రయాణం కట్టిన ప్రతివాడికీ ఇచ్చేవాళ్ళం. ఏ రోజు ఎక్కడ ఉంటాం, దారి ఎలా ఉంటుంది, ఏం తెచ్చుకోవాలి, అన్నీ అందులో ఉండేవి. ఆ కాగితంలో నెలా తేదీ వేయలేదు. బహ్రెయిన్‌లో సెలవు గురించి ఎవరడిగినా పండుగ లెక్కలోనే అడుగుతారు. పండుగ నాలుగో రోజు ఎక్కడుంటాం, ఆరో రోజుకు ఫోను దొరుకుతుందా అని. నేనూ అలాగే రాశాను. పండుగ అయిదో రోజు, పచ్చిక మైదానంలో విడిది. ఆరో రోజు, కనుమ, అక్కడక్కడ మంచు, కాన్వాసు బూట్లు చాలు.

రంజాను పండుగ చంద్రమానం ప్రకారం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. కొండ మీది మంచుకు చంద్రుడితో పని లేదు. ఈ రెండు ముక్కలూ విడివిడిగా నాకు తెలుసు. ఆఫీసు గోడ మీది క్యాలెండరులో రెండు లెక్కల తేదీలూ పక్కపక్కనే అచ్చయి ఉండేవి. రెంటినీ కలిపి ఆలోచించాలని నాకు తోచలేదు. జూలైలో చూసి రాసిన కాగితాన్ని మరుసటి ఏడు జూలై మొదట్లో, ఆ పై ఏడు జూన్ ఇరవై దాటాక, ఆ తరవాత జూన్ మొదటి పక్షంలో, అక్షరం మార్చకుండా పంచిపెట్టాను. ఏటేటా మా జనం తెచ్చే ఫొటోల్లో మంచు పెరుగుతూ వచ్చింది. మొహాలు కమిలి, కళ్ళు వాచి వచ్చినవాళ్ళు కూడా నవ్వుతూనే వచ్చారు. ఆ ఫొటోలు అద్దాల కిటికీలో పెట్టాం. వాటిని చూసి ఇంకా ఎక్కువమంది వచ్చారు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పేదొకటే. దారి గురించి ఏ కాగితం రాసినా, నువ్వు చూసిన తేదీ దాని మీద వెయ్యి. తేదీ లేని దారి వర్ణన ఎదుటివాడికి ఎంత సహాయమో అంత ప్రమాదం.

సీజను మొదట్లో కొండ

అసలు సంగతికి ముందు ఇది రాయాలి. ఇందులో చాలావరకు హీరాసింగ్ చెప్పిందే. నేను ఒంటబట్టించుకున్నది మాత్రం ఆలస్యంగా.

చలికాలపు మంచు కరగక ముందు కొండ ఎక్కేవాడు పొద్దుకు లోబడి నడవాలి. తెల్లవారకముందు మంచు సిమెంటు గచ్చులా ఉంటుంది. ఎండ తగిలిన రెండు మూడు గంటలకు జావ అవుతుంది. మధ్యాహ్నానికి ఒక్కో అడుగూ తొడ దాకా దిగుతుంది, దిగిన కాలు పైకి తీయడానికే సత్తువంతా పోతుంది. పొద్దున రెండు గంటల దారి మధ్యాహ్నం ఎనిమిది గంటలైనా తెగదు. వాగులూ అంతే. పగలంతా కరిగిన నీళ్ళు సాయంత్రానికి దిగివస్తాయి. పొద్దున రాళ్ళ మీద దాటిన వాగు సాయంత్రం మనిషిని లాక్కుపోతుంది. వాగు మీద మంచు కప్పులా పరుచుకుని ఉంటే అది వంతెన అనుకోకూడదు. కింద నీళ్ళు తొలిచేసి డొల్లగా ఉంటుంది.

వేసవిలో చూసిన విడిది మైదానం అప్పుడు కనపడదు. పెద్ద రాయికి ఎండ తగిలే వైపున చారెడు పొడి నేల దొరికితే అదే విడిది. పైన వాలులోంచి మంచు జారిన గుర్తులు, విరిగిన కొమ్మలు ఉంటే, నేల ఎంత బాగున్నా అక్కడ పడుకోకూడదు. టెంటు మేకులు మంచులో నిలవవు. సంచిలో మంచు కూరి, తాడు కట్టి, గొయ్యి తీసి పాతి తొక్కాలి. ఈ ఒక్క కిటుకూ మాకు ముందే తెలుసు, ఎందుకంటే ప్రయాణానికి ముందు కొన్ని శుక్రవారాలు జల్లాఖ్ బీచిలో ఇసుక మీద టెంట్లు వేసి నేర్చుకునేవాళ్ళం. ఇసుకా అంతే, మేకు నిలవదు.

అన్నిటికన్నా ముఖ్యం కాళ్ళు. తడిసిన కాలుతో ఒక పూట నడవొచ్చు, తడిసిన కాలుతో మంచు మీద రాత్రి గడపకూడదు.

ఎనభై ఏడు

ఆ ఏడు పండుగ మే చివర వచ్చింది. ఆ గుంపులో సాల్మన్ రాజు ఉన్నాడు. బాపట్ల మనిషి, ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను, మా సహవాసంలో పాటలు పాడేవాడు. అతన్ని నేనే ఒప్పించాను. జల్లాఖ్‌లో భుజాన సంచీ వేసుకుని ఇసుకలో రొప్పుతూ, "మంచు దొరికే చోటికి పోవడానికి ముందు ఇక్కడ చెమటతో బాప్తిస్మం ఏంటి బ్రదర్," అనేవాడు. ఇంటి దగ్గర అమ్మకు చూపించడానికి కెమెరా కొన్నాడు.

బయలుదేరడానికి మూడు వారాల ముందు హీరాసింగ్ ఉత్తరం వచ్చింది. ఎవరి చేతనో హిందీలో రాయించాడు. ఈసారి పండుగ మరీ ముందు వచ్చిందట, కనుమ కింద మైదానం కూడా ఇంకా తెల్లగానే ఉందట, ఇరవై రోజులు ఆగి రండి, ఆగలేకపోతే అందరూ తోలు బూట్లతో, నల్ల కళ్ళద్దాలతో రండి అని ఉంది. కొండ మీది మనిషి మా పండుగ తేదీ లెక్క కట్టాడు. నేను కట్టలేదు.

డిసౌజాకు చూపించాను. సెలవులు జరపడం మన చేతుల్లో లేదు, టికెట్లు అయిపోయాయి, ఖలాస్ అన్నాడు. బూట్ల సంగతి చెప్పనా అని అడిగితే, చెప్పు, కానీ భయపెట్టకు అన్నాడు. అంటే చెప్పడానికి ఆయన అడ్డు పడలేదు. చెబితే సగంమంది మానుకుంటారని నేనే భయపడ్డాను. ఆ ఏడు గుంపు వెంట నన్ను పంపుతున్నారు. గుంపు పలచబడితే నా ప్రయాణం కూడా ఆగేది. నాకు మళ్ళీ ఆ కొండ చూడాలని ఉంది. ఉత్తరం సొరుగులో పెట్టాను. పాత కాగితమే పంచాను.

ఎనిమిదిమందిమి వెళ్ళాం. మైదానం చేరిన సాయంత్రం అక్కడ పచ్చిక లేదు, మైదానమూ లేదు, అంతా ఒకటే తెలుపు. మావాళ్ళు గంతులేశారు, ఒకరి మీద ఒకరు మంచు విసురుకున్నారు. సాల్మన్ మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెడు మంచు నోట్లో వేసుకుని, "బ్రదర్, ఇది మన కోల్డ్‌స్టోరేజీ చేపల వాసన రావడం లేదు," అన్నాడు. అతని కాన్వాసు బూట్లు అప్పటికే తడిసి రంగు మారాయి.

హీరాసింగ్ నన్ను వంటగుడారం వెనక్కి తీసుకుపోయాడు.

"రేపు వద్దు బాబూజీ. వెనక్కి పోదాం. ఆ పాటలు పాడే బాబు బూట్లు చూడండి."

"వెనక్కి పోతే రెండు రోజులు. ఢిల్లీలో విమానం పోతుంది. వీళ్ళందరికీ డ్యూటీలున్నాయి. అటుపక్క బస్సు నిలబడి ఉంది."

"బస్సు నిలబడే ఉంటుంది. మనం నిలబడాలి కదా."

"నీకు కనుమ తెలుసు కదా."

"తెలుసు కాబట్టే వద్దంటున్నాను. పోవాలనే ఉంటే తెల్లవారకముందు, చుక్కలుండగానే కదలాలి. వీళ్ళు కదులుతారా?"

"కదులుతారు. నిన్ను పెట్టుకున్నది దారి చూపడానికి, ఆపడానికి కాదు."

ఆయన కర్ర మంచులో గుచ్చి, టెంట్లు బిగించడానికి వెళ్ళిపోయాడు. మా మాటలు హిందీలో, పొయ్యి చప్పుడు పక్కన జరిగాయి. మావాళ్ళెవరూ వినలేదు.

పొద్దున హీరాసింగ్ రెండుసార్లు లేపినా ఎవరూ లేవలేదు. టీ అన్నారు, ఫొటోలు అన్నారు. నేను తొందరపెట్టలేదు, డబ్బు కట్టి వచ్చినవాళ్ళను గదమాయించడం అలవాటు లేదు. ఎనిమిదికి కదిలాం. పదింటికి మంచు మెత్తబడింది. పన్నెండుకు తొడల దాకా దిగుతున్నాం. హీరాసింగ్ ముందు నడిచి తన గుండెతో మంచు తోసి దారి చేశాడు. నాలుగింటికి కనుమ ఇంకా పైనే ఉంది, వెనక్కి దిగే సత్తువ ఎవరికీ లేదు. అక్కడే ఒక రాయి చాటున టెంట్లు వేసుకున్నాం.

కాళ్ళెలా ఉన్నాయని సాల్మన్‌ను అడిగాను. "పొద్దున్నించి మంట పుట్టింది గానీ ఇప్పుడు నొప్పే లేదు బ్రదర్. బాగానే ఉంది," అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. పక్కనే ఉన్న హీరాసింగ్‌కు తెలుగు రాదు, ఏమన్నాడని అడిగాడు. నొప్పి లేదంటున్నాడని చెప్పాను. ఆయన వెంటనే సాల్మన్ బూట్లు కోసి తీశాడు. వేళ్ళు చచ్చుబడి, కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. చొక్కా పైకెత్తి ఆ పాదాలు రెండూ తన కడుపుకు ఆనించుకుని పడుకున్నాడు. మళ్ళీ బయలుదేరేదాకా అలాగే ఉన్నాడు. నేను వేరే టెంటులో పొడి మేజోళ్ళు తొడుక్కుని పడుకున్నాను.

తెల్లవారకముందే, గట్టిపడిన మంచు మీద, సాల్మన్‌ను మోసుకుంటూ, మిగిలిన దారి గంటన్నరలో ఎక్కేశాం.

నివేదిక

బహ్రెయిన్ తిరిగి వచ్చాక సాల్మన్‌కు మూడు వేళ్ళు తీసేశారు. అతని ఆసుపత్రివాళ్ళు ఏం జరిగిందో రాసివ్వమన్నారు. డిసౌజా నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన రాయించాడని ఇన్నాళ్ళూ చెప్పానన్నాను కదా, నిజంగా జరిగింది ఇది. ఆయన టైపు మిషను నా వైపు తిప్పి, "అక్కడున్నది నువ్వు. ఏం జరిగిందో నువ్వే రాయి," అన్నాడు. అంతే అన్నాడు.

స్థానిక గైడు వాతావరణాన్ని తప్పుగా అంచనా వేసి, గుంపును ఆలస్యంగా కదిలించి, సరైన హెచ్చరిక ఇవ్వకుండా ముందుకు తీసుకుపోయాడని రాశాను. తడుముకోకుండా రాశాను. మూడు తప్పులూ నావే, అందుకని మాటలు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. డిసౌజా చదివి, ఒకసారి నా వంక చూసి, కిటికీలోకి చూశాడు. ఒక నకలు కులూలో మా ఏజెంటుకు పంపాం. ఆయన హీరాసింగ్‌ను పనిలోంచి తీసేశాడు. మిగతా ఏజెంట్లూ పిలవడం మానేశారు.

పై అధికారుల గురించి కుర్రవాళ్ళు నన్ను అడిగినప్పుడు, బలవంతంగా తప్పు రాయించే బాసులుంటారు జాగ్రత్త అని చెప్పేవాణ్ణి. ఉంటారేమో. నాకు తగల్లేదు. నాకు తగిలింది నోరు మూసుకుని ఊరుకున్న బాసు. ఆ మౌనం నాకు చాలినంత చోటిచ్చింది.

సాక్ష్యం

కొన్ని నెలల తరవాత ఒక శుక్రవారం సాల్మన్ కర్ర పట్టుకుని సహవాసానికి వచ్చి తన అనుభవం అందరి ముందు సాక్ష్యంగా చెప్పడానికి నిలబడ్డాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ గైడు మీద కోపంతో రగిలిపోయాడట. నివేదిక చదివిన రోజున శపించాడట. తరవాత ఆ మనిషి తన పాదాలను కడుపు మీద పెట్టుకున్నది గుర్తొచ్చిందట.

"తన తప్పు తనకు తెలిసింది గనకే ఆ రాత్రి అలా చేశాడు," అన్నాడు. "నేను ఆయన్ని క్షమించాను. పేరు పెట్టి క్షమించాను. మీరూ ఆయన కోసం ప్రార్థన చెయ్యండి."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. చుట్టుపక్కలవాళ్ళకు వినపడేటట్టే అన్నాను.

ఆ తరవాత నేను చాలా జాగ్రత్తగా పనిచేశాను. ఏటా తేదీలు చూసి, కొండ మీదివాళ్ళను అడిగి, మంచు ఎక్కువుంటే ప్రయాణాలు రద్దు చేశాను. డిసౌజాతో దెబ్బలాడాను కూడా. నన్ను చూసి నేర్చుకోమని కొత్తవాళ్ళకు చెప్పేవారు. అదంతా ప్రాయశ్చిత్తమని నాకు నేను చెప్పుకున్నాను. చేసిన తప్పు ఇంకెవరి పేరు మీదో ఉండగా ఎంత జాగ్రత్తపడినా అది ప్రాయశ్చిత్తం కాదు.

పదహారేళ్ళకు

బహ్రెయిన్ వదిలి వచ్చేశాక కులూ వెళ్ళాను. ముందు సాల్మన్ దగ్గరికి వెళ్ళాల్సింది. జరిగింది తెలిసిన మనిషి ముందు ఒప్పుకోవడం తేలిక కనుక హీరాసింగ్ దగ్గరికే వెళ్ళాను.

ఎవరిదో ఆపిల్ తోటలో పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. పెట్టె బోర్లించి కూర్చోమన్నాడు. ఉత్తరం సంగతి, నివేదిక సంగతి, అన్నీ చెప్పాను. ఆయన చివరిదాకా విని, ఆ పాటల బాబు నడుస్తున్నాడా అని అడిగాడు. నడుస్తున్నాడని చెప్పాను.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు బాబూజీ? నేనక్కడే ఉన్నాను కదా," అన్నాడు. "తెలియనివాళ్ళకు చెప్పండి."

గొంతులో కోపం లేదు. మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. నేను లేచాను.

వారం తిరక్కుండా బాపట్ల వెళ్ళాను. సాల్మన్ అక్కడ సొంత ల్యాబు పెట్టుకున్నాడు. కాఫీ తెప్పించాడు, పాత స్నేహితుల గురించి అడిగాడు. కాఫీ తాగకుండా మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మధ్యలో సాల్మన్ నన్ను ఒక్కసారీ ఆపలేదు. అయిపోయాక లేచి సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పాడు.

"పదహారేళ్ళు," అన్నాడు. "పదహారేళ్ళు ఒక తప్పు చెయ్యని మనిషిని క్షమించాను. నలుగురిలో నిలబడి క్షమించాను. ఎంత పెద్దమనసు అని అందరూ నా చెయ్యి పట్టుకున్నారు. దానికి నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి బ్రదర్?"

నన్ను క్షమించమని అడగాలనుకుని వెళ్ళినవాణ్ణి, అడగలేకపోయాను.

సాల్మన్ నన్ను హీరాసింగ్ అడ్రసు ఇమ్మన్నాడు. నేను జేబులోంచి కలం తీసి, బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కున్నాను. అతను ఆ కాగితం నా చేతి కిందనుంచి మెల్లగా లాగేసుకున్నాడు.

"మీరు రాయకండి," అన్నాడు. "చెప్పండి, నేను రాసుకుంటాను."

ఊరి పేరు చెప్పాను. తోట యజమాని పేరు చెప్పాను. ఒక్కో అక్షరం రాసుకుని, నా చేత మళ్ళీ చెప్పించుకుని, రాసినదానితో సరిచూసుకున్నాడు.